నత్తలు కొనే ముందు ఇసుక మీద ఉన్నదేమిటో చూడండి

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మూడు నెలల క్రితం 40 గాలన్ల బ్రీడర్ ట్యాంక్‌లో ఉప్పునీటి రీఫ్ (పగడాల ట్యాంక్) మొదలుపెట్టాం. రాళ్లన్నీ డ్రై రాక్, అంటే జీవులేవీ లేని ఎండు రాళ్లు. ఇసుక రెండు అంగుళాల మందం ఉంది. రెండు క్లౌన్ చేపలు, ఒక సిక్స్‌లైన్ రాస్ చేప, నాలుగు హెర్మిట్ పీతలు, నాలుగైదు చిన్న సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు) ఉన్నాయి. నెల రోజులుగా ఇసుక మీద గోధుమరంగు పొర పేరుకుంటోంది. కదిపితే పోతుంది, రెండు రోజుల్లో మళ్లీ వస్తుంది. షాపులో అడిగితే ఇరవై నాసేరియస్ నత్తలు, ఐదు టర్బో నత్తలు, ఒక శాండ్ సిఫ్టింగ్ స్టార్‌ఫిష్ తీసుకోమన్నారు. ఆన్‌లైన్‌లో వంద నత్తల ప్యాకేజీ కనిపించింది, ధర కూడా తక్కువే. తొమ్మిదేళ్ల మా బాబేమో గాల్వెస్టన్ బీచ్‌లో చూసిన పెద్ద నత్తని తెచ్చుకుందాం అంటున్నాడు. డిసెంబరులో మూడు వారాలు గుంటూరు వెళ్తున్నాం. వెళ్లేలోగా ట్యాంక్ శుభ్రంగా కనిపించాలని నా కోరిక. ఏ నత్తలు కొనమంటారు?

సమాధానం: షాపువాళ్ల జాబితాలో ఉన్న మూడింటిలో ఒక్కటి కూడా మీ గోధుమరంగు పొరను తినదు. టర్బో ఇసుక మీదికి దాదాపు రాదు, దాని పనంతా రాళ్ల మీద, అద్దాల మీద. నాసేరియస్ ఇసుకలోనే ఉంటుంది కానీ మాంసాహారి. స్టార్‌ఫిష్ తినేది ఇసుకలో బతికే చిన్న చిన్న ప్రాణుల్ని. అంటే డబ్బు ఖర్చయ్యాక కూడా ఆ పొర అక్కడే ఉంటుంది. నత్తని ఎంచుకునేటప్పుడు అది ఇసుకని ఎంత బాగా తవ్వుతుంది అని కాదు, ఏం తిని బతుకుతుంది అని అడగాలి. ఆ తిండి మన ట్యాంక్‌లో ఉంటే కొనాలి, లేకపోతే లేదు.

అందుకే ముందు ఆ పొర సంగతి చూద్దాం. డ్రై రాక్‌తో మొదలుపెట్టిన మూడు నెలల ట్యాంక్‌లో గోధుమరంగు అంటే రెండు అనుమానాలు. ఒకటి డయాటమ్స్. ఇవి నీళ్లలోని సిలికేట్‌ని వాడుకుని పెరిగే సూక్ష్మజీవులు. పొడి చల్లినట్టు కనిపిస్తాయి, వేలితో తుడిస్తే ఇట్టే లేచిపోతాయి. దాదాపు కొత్త ట్యాంక్‌లన్నిటికీ వచ్చేవే, సిలికేట్ అయిపోగానే వాటంతట అవే తగ్గుతాయి. కుళాయి నీళ్లు వాడుతుంటే మాత్రం తగ్గవు, ఎందుకంటే ప్రతి వాటర్ చేంజ్‌తోనూ మీరే మళ్లీ సిలికేట్ పోస్తున్నట్టు. ఆర్‌ఓ డీఐ నీళ్లు (కరిగిన లవణాలన్నీ తీసేసిన శుద్ధమైన నీళ్లు) వాడుతున్నారో లేదో మీ ఉత్తరంలో లేదు. వాడకపోతే నత్తల డబ్బు ముందు దాని మీద పెట్టండి. వాడుతుంటే నీళ్లలో కరిగినవెంతో చూపే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, సున్నా రావాలి. అంతకంటే ఎక్కువ చూపిస్తే ఫిల్టర్‌లో లవణాల్ని పట్టే రెసిన్ అయిపోయిందని అర్థం.

రెండోది డైనోఫ్లాజెలేట్స్, అక్వేరియం వాళ్ల మాటల్లో డైనో. ఇవి చీమిడిలా తీగలు సాగుతాయి, మధ్యలో గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి. రాత్రి లైట్లు ఆర్పాక పల్చబడి, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ దట్టంగా కనిపిస్తాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడిపోయిన ట్యాంక్‌లో ఇవి రాజ్యమేలతాయి. వీటి గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఆస్ట్రియాప్సిస్ అనే రకం డైనో విషాన్ని తయారుచేస్తుంది, దాన్ని మేసిన నత్తలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. శుభ్రం చేయడానికని తెచ్చిన నత్తలు వారంలో తిరగబడి పడుంటే, షాపువాడు పాడైనవి అంటగట్టాడని తిట్టుకోకముందు దీన్ని అనుమానించాలి.

తేడా తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. వంటింట్లో వాడే టర్కీ బేస్టర్ లాంటిదానితో ఆ పొరను కొంచెం పీల్చి, మూత ఉన్న సీసాలో ట్యాంక్ నీళ్లతో కలిపి గట్టిగా కుదపండి. కాఫీ ఫిల్టర్ కాగితంలోంచి వడకట్టి, ఆ నీళ్లను గాజు గ్లాసులో పోసి లైటు కింద ఒక గంట వదిలేయండి. నీళ్లలో మళ్లీ తీగలు కట్టి ముద్దగా చేరితే అది డైనో. చేరకపోతే డయాటమ్స్ అనుకోవచ్చు. మీ బాబు కోసం చిన్న మైక్రోస్కోప్ కొంటే ఇంకా మంచిది. డయాటమ్స్ గాజు గుల్లల్లా ఉంటాయి, కదిలితే నెమ్మదిగా జారతాయి. డైనోలు గింగిరాలు తిరుగుతూ ఈదుతాయి. ఒకసారి చూస్తే ఇక మరిచిపోరు.

డైనో అని తేలితే నత్తల ఆలోచన పక్కన పెట్టేయండి. నైట్రేట్‌ని 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) దగ్గరికి, ఫాస్ఫేట్‌ని 0.05 నుంచి 0.1 మధ్యకి రానివ్వాలి. చేపలకి మేత కొంచెం పెంచితే చాలాసార్లు అదే సరిపోతుంది. రాత్రిపూట నీళ్లలోకి లేచే రకాలకి యూవీ స్టెరిలైజర్ (అతినీలలోహిత కాంతితో నీళ్లలోని సూక్ష్మజీవుల్ని చంపే పరికరం) పనిచేస్తుంది, ఇసుకని వదలని యాంఫిడినియం లాంటి రకానికి పనిచేయదు. అది తగ్గాకే మిగతా సంగతి.

మీ వర్ణనని బట్టి, అంటే కదిపితే పోయి రెండు రోజులకి తిరిగొస్తోందన్నారు కాబట్టి, డయాటమ్స్ అనే నా అంచనా. పరీక్షలో అదే తేలిందనుకుని ముందుకెళ్దాం.

డయాటమ్స్ పొరని నిజంగా తినే ఇసుక నత్తలు రెండు రకాలు: సెరిత్, ఫైటింగ్ కాంక్. మీ ట్యాంక్‌కి నేను మొదట సెరిత్‌లే చెబుతాను. సన్నగా, పొడవుగా, మొన తేలిన గుల్లతో ఉంటాయి. పగలు ఇసుక పైపొరలో సగం కూరుకుని ఉండి, రాత్రి బయటికొచ్చి ఇసుక, రాయి, అద్దం అన్నీ మేస్తాయి. డయాటమ్స్, పల్చటి నాచు, మేత మిగిలి కుళ్లిన మడ్డి, అన్నీ వాటికి తిండే. వెల్లకిలా పడినా తమంతట తాము తిరగగలవు. ఆస్ట్రేయా నత్తలకి ఈ విద్య రాదు, ఇసుక మీద వెల్లకిలా పడితే ఎవరో ఒకరు తిప్పాలి, లేకపోతే ఏ హెర్మిట్ పీతకో భోజనమే. ఫ్లోరిడా, కరీబియన్ వైపు నుంచి వచ్చే సెరిథియం లిటరేటమ్ అనేది అంగుళం దాటుతుంది, మీకు ఇది నప్పుతుంది. సెరిథియం ల్యుటోసమ్ అనే మరుగుజ్జు రకం కూడా అమ్ముతారు. మీ ట్యాంక్‌లో సిక్స్‌లైన్ రాస్ ఉంది కదా, మరీ చిన్న నత్తల్ని అది పొడుచుకు తినే అవకాశం ఉంది. కాబట్టి పెద్ద రకమే తీసుకోండి.

ఎన్ని? పది. ముందు ఐదు తెచ్చి, రెండు మూడు వారాలు చూసి, పొర ఇంకా ఉంటే మిగతా ఐదు. వంద నత్తల ప్యాకేజీ జోలికి అసలు వెళ్లొద్దు. మూడు నెలల ట్యాంక్ వంద నత్తల్ని పోషించలేదు. మొదటి రెండు వారాలు అద్దంలా మెరిసిపోతుంది, ఆ తరవాత తినడానికేం లేక ఒక్కొక్కటే చచ్చి, కుళ్లి, అమోనియా వదులుతాయి. దాంతో నాచు మళ్లీ వస్తుంది, మీరు మళ్లీ ప్యాకేజీ కొంటారు. ఆ వ్యాపారం అలాగే నడుస్తుంది.

ఇక ఫైటింగ్ కాంక్. ఇసుక మేసే నత్తల్లో నా ఓటు దీనికే, పక్షపాతం అనుకున్నా సరే. పొడవాటి కాడల చివర రెండు కళ్లు, ఆ కళ్లకి నిజమైన కటకాలు. మీరు ట్యాంక్ దగ్గరికి వస్తే అది మిమ్మల్ని చూస్తున్నట్టే ఉంటుంది. ఈ కుటుంబం నత్తలకి కన్ను తెగిపోయినా మళ్లీ మొలుస్తుంది. కళ్ల మధ్య నుంచి తొండం చాచి ఇసుక రేణువుల మీదున్న పొరని వరసగా పీల్చుకుంటూ పోతుంది, వెళ్లిన దారి తెల్లగా మిగులుతుంది. తిరగబడితే కాలికున్న గోరులాంటి మూతని ఇసుకలో గుచ్చి ఒక్క ఎగురు ఎగిరి సరిగ్గా కూర్చుంటుంది. పేరులో ఫైటింగ్ ఉందని భయపడకండి. మగవి ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి, చేపల్నీ కోరల్స్‌నీ ఏమీ అనవు. మన పూజగదుల్లో ఉండే శంఖం వేరే కుటుంబానిది. టర్బినెల్లా పైరం అనే ఆ నత్త మన్నార్ సింధుశాఖ ప్రాంతంలో దొరుకుతుంది, సముద్రపు పురుగుల్ని తినే మాంసాహారి. ఇంట్లో పెద్దవాళ్లు రెండూ ఒకటేనా అని అడిగితే చెప్పడానికి పనికొస్తుంది.

ఫైటింగ్ కాంక్‌తో చిక్కల్లా చోటు. పెద్దదైతే మూడు నాలుగు అంగుళాలుంటుంది, రాళ్లూ అద్దాలూ ఎక్కి మేయదు, దాని బతుకంతా ఇసుక మీదే. ఒక కాంక్‌కి కనీసం రెండు చదరపు అడుగుల ఖాళీ ఇసుక ఉండాలనేది చాలాకాలంగా రీఫ్ పెంచేవాళ్లు పాటించే లెక్క. మీ ట్యాంక్ అడుగు 36 అంగుళాలు పొడవు, 18 అంగుళాలు వెడల్పు, అంటే నాలుగున్నర చదరపు అడుగులు. రాళ్లు పోగా మిగిలేది మూడుకి కాస్త అటూఇటూ. కాబట్టి ఒకటే కాంక్. అది కూడా ఇప్పుడొద్దు. ట్యాంక్‌కి ఆరేడు నెలలు వచ్చాక, ఇసుకలో మేత కుదురుకున్నాక తెచ్చుకోండి. తెచ్చాక ఇసుక మరీ తెల్లగా మెరుస్తోందంటే దానికి తిండి అయిపోతోందన్నమాట. వారానికి రెండుసార్లు లైట్లు ఆర్పే ముందు చిన్న నోరి (ఎండు సముద్రపు నాచు) ముక్కని రాయి కింద నొక్కిపెట్టండి, లేదా మునిగే ఆల్గే వేఫర్‌లో సగం దాని ముందు వేయండి. కోరల్ ముక్కల్ని ఇసుక మీద ఊరికే ఆనించి ఉంటే దున్నుకుంటూ పోయి పడేస్తుంది, వాటిని రాయికి అతికించండి.

కొనేటప్పుడు పేరు అడగండి. ఫ్లోరిడా ఫైటింగ్ కాంక్ అంటే స్ట్రాంబస్ అలాటస్, వెస్టిండీస్ నుంచి వచ్చేది స్ట్రాంబస్ ప్యుజిలిస్. రెండూ మంచివే. క్వీన్ కాంక్ పిల్లని ఇదే ధరకి చూపించి ఊరించవచ్చు, అది పెరిగితే అడుగు పొడవు అవుతుంది, 40 గాలన్లలో దానికి చోటెక్కడ? పైగా క్వీన్ కాంక్ 1992 నుంచీ, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, 2024లో అమెరికా ప్రభుత్వం దాన్ని ముప్పులో ఉన్న జాతిగా కూడా ప్రకటించింది.

నాసేరియస్ గురించి మీ షాపువాళ్లు చెప్పింది పూర్తిగా తప్పని అనను. అది మంచి నత్త, మీ సమస్యకి పనికిరాదంతే. రోజంతా ఇసుకలో పూడుకుని, ఊపిరి గొట్టం ఒక్కటే పైకి పెట్టుకుని ఉంటుంది. మీరు మేత వేసిన నిమిషంలో, పంక్తి భోజనాలు వేశారని తెలిసినట్టు, అన్నీ ఒకేసారి ఇసుక చీల్చుకుని లేస్తాయి. పిల్లలకి ఇదొక సినిమా. మిగిలిన మేత, చచ్చిన చేప, ఇవే వాటి ఆహారం. ఆరోగ్యంగా ఉన్న చేప జోలికి పోవు. పాకేటప్పుడు ఇసుక పైపొర కదులుతుంది కాబట్టి ఆ లాభం ఉంది. మీకున్నవి మూడు చేపలే, వాటికి వేసే మేతలో మిగిలేది ఎంత? నాలుగు నాసేరియస్‌లు చాలు. ఇరవై తెస్తే వాటి కోసం మీరు విడిగా మేత వేయాల్సి వస్తుంది.

నాసేరియస్ కొనేటప్పుడు ఒక మోసం జరుగుతుంది, కొన్నిసార్లు అమ్మేవాళ్లకి కూడా తెలియకుండానే. అమెరికా తూర్పు తీరంలో బురద నేలల్లో గుట్టలుగా దొరికే మడ్ స్నెయిల్, ఇలియానాసా అబ్సొలీటా అంటారు, నాసేరియస్ పేరుతో చవకగా వచ్చేస్తుంది. చల్లటి నీళ్లకి అలవాటుపడ్డ నత్త అది. 78 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఏడాది పొడవునా ఉంచితే ఎక్కువకాలం నిలవదు. గుర్తుపట్టడం కష్టమేం కాదు. మడ్ స్నెయిల్ గుల్ల నల్లగా, మాసిపోయి, కొన అరిగిపోయి ఉంటుంది. నాసేరియస్ వైబెక్స్ అయితే గుల్ల నోటి పక్కన తెల్లటి నున్నటి పూత ఉంటుంది, సైజు అర అంగుళం, దాటినా కొంచెమే. టోంగా నాసేరియస్ ఇంకా పెద్దది, గుల్ల లేతరంగులో శుభ్రంగా ఉంటుంది. మీ రాస్‌ని దృష్టిలో పెట్టుకుంటే టోంగాయే మేలు. ఇలాగే మార్గరీటా అని అమ్మే నత్త కూడా చన్నీళ్లదే, వదిలేయండి. బంబుల్‌బీ అని పసుపు నలుపు చారలతో ముద్దుగా కనిపించేది ఇసుకలోని పురుగుల్ని తింటుంది, పొరని ముట్టదు.

శాండ్ సిఫ్టింగ్ స్టార్‌ఫిష్ వద్దని గట్టిగానే చెబుతున్నాను. ఇసుకలో ఉండే చిన్న పురుగులు, కోపెపాడ్‌లనే నలుసంత ప్రాణులు, బుల్లి గుల్లలు, అన్నిటినీ ఊడ్చేస్తుంది. మీ ఇసుకకి ప్రాణం వాటివల్లే. అవి అయిపోయాక స్టార్‌ఫిష్ ఇసుకలోనే ఆకలితో చస్తుంది, మీకు తెలిసేది వాసన వచ్చాక. 40 గాలన్ల ట్యాంక్‌లో దాన్ని పెంచడం దాన్ని చంపడానికే.

మీ హెర్మిట్ పీతల మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. అవి పెరిగేకొద్దీ పెద్ద గుల్ల కావాలి, దొరక్కపోతే నత్తని చంపి దాని గుల్ల తీసుకుంటాయి. రకరకాల సైజుల్లో ఏడెనిమిది ఖాళీ గుల్లలు ట్యాంక్‌లో పడేస్తే గొడవ చాలావరకు తగ్గుతుంది.

మీ బాబు గాల్వెస్టన్‌లో చూసింది ఎక్కువ భాగం లైట్నింగ్ వెల్క్ అయ్యుంటుంది. గుల్ల నోరు ఎడమవైపుకి ఉంటే అదే. 1987 నుంచి టెక్సస్ రాష్ట్ర గుల్ల కూడా. అందమైనదే, కానీ ఆల్చిప్పల్ని తెరిచి తినే వేటగాడు, పైగా మీ చేతికంటే పెద్దది అవుతుంది. ఖాళీ గుల్లయితే ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టుకోనివ్వండి. ప్రాణమున్నదైతే అక్కడే వదిలేయాలి. తీరంలో తిరిగే పిల్లలకి ఇంకో మాట కూడా చెప్పి ఉంచండి: శంకువు ఆకారంలో, నున్నగా, నోరు సన్నటి చీలికలా ఉన్న నత్తని చేత్తో పట్టుకోకూడదు. అవి కోన్ స్నెయిల్స్, విషపు ముల్లుతో పొడుస్తాయి. పసిఫిక్, హిందూ మహాసముద్రాల్లో ఉండే జాగ్రఫీ కోన్ కుట్టి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. లైవ్ రాక్‌తో (జీవులతో సహా వచ్చే సముద్రపు రాళ్లతో) పాటు ట్యాంక్‌లోకి అలాంటి ఆకారం వచ్చినా పట్టకారుతోనే తీయండి.

నత్తలు తెచ్చిన రోజు చేయాల్సింది ఎక్కువేం లేదు. షాపులో అద్దానికి గట్టిగా అతుక్కున్నవి, ముట్టుకుంటే ఠక్కున లోపలికి ముడుచుకునేవి ఎంచుకోండి. ఇంటికొచ్చాక సన్నటి గొట్టంతో చుక్కలు చుక్కలుగా ట్యాంక్ నీళ్లు కలుపుతూ గంట, గంటన్నర అలవాటు చేయండి, ఎందుకంటే ఉప్పు శాతం ఒక్కసారిగా మారితే నత్తలు తట్టుకోలేవు. మీ ట్యాంక్ నీళ్ల స్పెసిఫిక్ గ్రావిటీ (ఉప్పుని కొలిచే సాంద్రత లెక్క) 1.025 లేదా 1.026 దగ్గర ఉండాలి. సంచీలో నీళ్లు ట్యాంక్‌లో పోయకండి. పైనుంచి జారవిడవకుండా ఇసుక మీద చేత్తో పెట్టండి. ఈ ట్యాంక్ సెకండ్‌హ్యాండ్‌ది అయి, ఇంతకుముందెవరైనా దాంట్లో చేపల జబ్బుకి రాగి మందు వాడి ఉంటే, రాగి పరీక్ష చేయకుండా ఒక్క నత్త కూడా దించొద్దు. కొద్దిపాటి రాగి కూడా వాటికి విషమే.

ఇక గుంటూరు ప్రయాణం. మూడు వారాలు మీరు లేనప్పుడు కొత్త నత్తలు వద్దు. ఏది చచ్చిందో, ఏది పూడుకుని ఉందో చూసేవాళ్లుండరు. ప్రయాణానికి కనీసం నెల రోజుల టైముంటే ఐదు సెరిత్‌లు తెచ్చుకోండి, లేకపోతే అన్నీ జనవరిలోనే. ట్యాంక్ శుభ్రంగా కనిపించడం కోసమే అయితే వెళ్లే ముందు రోజు ఇసుక పైపొరని సైఫన్‌తో ఒకసారి పీల్చేసి, లైట్లు రోజుకి రెండు గంటలు తగ్గించండి. అంతకంటే పెద్ద టెన్షన్ ఆవిరయ్యే నీళ్లది. నీళ్లు ఆవిరవుతుంటే ఉప్పు శాతం పెరుగుతుంది, నత్తల్ని ముందుగా దెబ్బతీసేది అదే. ఆవిరైన నీళ్లని దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ లేకపోతే కొనండి, వెళ్లడానికి రెండు వారాల ముందే బిగించి పనిచేస్తోందో లేదో చూసుకోండి. మేత వేయమని స్నేహితులకి అప్పజెప్తే, డబ్బా ఇచ్చి వెళ్లొద్దు. చేపలు అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిస్తే జాలిపడి రోజుకి నాలుగుసార్లు వేసేస్తారు. మందు బిళ్లలకి వాడే వారం గడుల డబ్బాలు మూడు కొని, ఏ రోజు మేత ఆ గడిలో పెట్టి, పెద్ద డబ్బాని బీరువాలో దాచేసి బయల్దేరండి.